ఇంటి కంప్యూటరునకు జీర్ణోద్ధారణము

గడచిన విద్యాసంవత్సరమున మా విద్యార్థుల తల్లిదండ్రులలో పలువురు మా కడకు వచ్చి ఒకే ప్రశ్నను పలువిధముల అడిగిరి. "మా యింటి కంప్యూటరు తెరచుకొనుటకు అయిదారు నిమిషములు పట్టుచున్నది. అంగడివారు దీనిని పారవేసి క్రొత్తది కొనుమనుచున్నారు. ఏమి చేయవలెను?" అని వారి ప్రశ్న. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణముగా ఇచ్చు రక్షణ సవరణలను నిలిపివేసిన పిదప ఈ ప్రశ్న మరింత తరచుగా వినవచ్చినది. పదవ తరగతి చదువుచున్న బాలిక తండ్రియొకడు క్రొత్త యంత్రమునకై ఇంటి ఆడవారి గాజులను కుదువ పెట్టుటకు కూడ సిద్ధపడి, ఆ మాట మాతో చెప్పెను. గాజులు ఇంటనే ఉండనిమ్మని, పెట్టెను మాత్రము ఒక శనివారము పాఠశాలకు తెమ్మని మేము కోరితిమి. ఈ వ్యాసమునకు ఆ పెట్టెయే ఆధారము.

అది 2016లో కొన్న డెస్క్‌టాప్ యంత్రము. లోపల ఇంటెల్ వారి కోర్ ఐ3-6100 ప్రాసెసరు, హెచ్110 తరగతి మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, ఒక టెరాబైటు హార్డ్ డిస్కు ఉండెను. ఇట్టి యంత్రములు మన హోసూరు ప్రాంతపు ఇండ్లలో నేటికిని చాలనే ఉన్నవి.

ఈ భాగములలో దేని పని యేదో తెలిసినగాని దేనిని మార్చవలెనో తెలియదు. పెండ్లివారింటి వంటశాలను తలచుకొనుడు. వంట చేయు బ్రాహ్మణుడు ప్రాసెసరు. ఆయన చేతికందు గట్టు ర్యామ్. బియ్యము, పప్పు, నెయ్యి నిలువ యుండు ఉగ్రాణము హార్డ్ డిస్కు. వీనినన్నిటిని కలుపు నడవలు, గుమ్మములు మదర్‌బోర్డు. వంటవాడెంత నేర్పరియైనను, గట్టు జానెడంత ఉండి, ఉగ్రాణమునుండి సరకు తెచ్చు కుఱ్ఱవాడు కాళ్లీడ్చుచు నడచువాడైనచో, విస్తళ్లు వేసి అతిథులు కూర్చుండవలసినదే. అట్టి వేళ వంటవాని మార్చిన ఫలమేమి? అంగళ్లలో ప్రాసెసరు పేరే మొదట చెప్పుదురు గనుక, తల్లిదండ్రులకు దాని సంఖ్య తప్ప తక్కినవి కంటికానవు.

దోషమెచ్చటనో కనిపెట్టుటకు పెట్టె తెరవనక్కరలేదు. విండోస్ నడచుచుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు అను పలక తెరచుకొనును. దానిలో ప్రాసెసరు, మెమొరీ, డిస్కు ఒక్కొక్కటి నూటికెంత పనిచేయుచున్నవో కనబడును. పై బాలిక యంత్రమును ప్రారంభించి చూచితిమి. ప్రాసెసరు నూటికి పదునయిదు, ఇరువది మధ్య ఊగుచుండెను. డిస్కు మాత్రము ఆరు నిమిషములు నూటికి నూరు వద్ద నిలిచెను. బ్రౌజరు తెరువగానే మెమొరీ నూటికి తొంబదికి ఎక్కెను. వంటవాడు చేతులు కట్టుకొని కూర్చున్నాడనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

హార్డ్ డిస్కు ఎందుకింత మందమో లెక్క వేసి చూడవచ్చును. అది గిఱ్ఱున తిరుగు పలక. నిమిషమునకు 7200 చుట్లు తిరిగినచో ఒక చుట్టునకు 8.33 మిల్లీసెకనులు పట్టును. కావలసిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా 4.17 మిల్లీసెకనులు ఆగవలెను. ముల్లు తన చోటికి జరుగుటకు మరి ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకనులు. వెరసి ఒక చిన్న ముక్కను వెదకి తెచ్చుటకు పదమూడు. అనగా సెకనుకు ఎనుబది ముక్కలకు మించి తేలేదు. విండోస్ మేలుకొనునప్పుడు వేలకొలది చిన్న ముక్కలను అడుగును. ఎస్.ఎస్.డి. అను నిలువ సాధనములో తిరుగు పలక లేదు, జరుగు ముల్లు లేదు. చిప్పులే గనుక సెకనుకు పదివేలకు మించియు ముక్కలను అందించును. ఎనిమిదవ తరగతి పిల్లలచే ఈ లెక్కను నల్లబల్లపై చేయించితిమి. వారు ఉత్తరమును మాకన్న ముందుగనే చెప్పిరి.

ఆ యంత్రమునకు మేము చేసినది రెండే పనులు. సాటా తీగెతో తగులు ఎస్.ఎస్.డి. ఒకటి, ఉన్నదానితో జతగూడు మరియొక 4 జీబీ ర్యామ్ ఒకటి. ప్రాసెసరును ముట్టనేలేదు. ఆరు నిమిషములకు మేలుకొనునది అర నిమిషములోపల మేలుకొనెను. అయిన వ్యయము క్రొత్త యంత్రమునకు అంగడివారు చెప్పిన వెలలో ఆరవవంతునకు లోపు. గాజులు ఇంటనే ఉన్నవి.

ర్యామ్ కొనునప్పుడు ఒక జాగ్రత్త. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని మూడు తరములు వాడుకలో ఉన్నవి. ఒకదాని గాడిలో మరియొకటి దిగదు. దిగకుండుటకే క్రింది అంచున ఉన్న నొక్కును ఒక్కొక్కదానికి ఒక్కొక చోట పెట్టినారు. దిగనిదానిని బలవంతముగ నొక్కినవారు బోర్డును విరుగగొట్టుకొందురు. పాత ముక్కను జేబులో వేసికొనిపోయి చూపి కొనుట మేలు. 2025 చివర మెమొరీ వెలలు చాలా పెరిగినవి గనుక, పనిచేయు పాత ముక్కను ఎవరికిని ఊరక ఇచ్చివేయరాదు.

ఇక ప్రాసెసరు మాట. ఈ పాఠమును మేము డబ్బిచ్చి నేర్చుకొంటిమి గనుక కొంత విస్తరించి వ్రాయుట తగును.

మా పాఠశాల కార్యాలయపు యంత్రమును అదే జాతిది. 2019లో దానికి బలము చేకూర్పవలెనని తలచితిమి. బోర్డుపై ప్రాసెసరు కూర్చుండు గూడును సాకెట్ అందురు. మాది ఎల్‌జీఏ 1151, అనగా 1151 సూదుల గూడు. ఆరు కోరులు గల కోర్ ఐ5-8400 ప్రాసెసరునకును గూడు 1151యే అని చదివితిమి. సంఖ్యలు కలిసినవి, ఇంకేమి కావలెనని బస్సెక్కి బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి ఒక అంగడిలో దానిని కొని తెచ్చితిమి. అది గూటిలో ఒద్దికగా కూర్చుండెను. ఫ్యాను తిరిగెను. తెర మాత్రము నల్లగా ఉండిపోయెను. ఒక మధ్యాహ్నమంతయు తీగెలు ఊడదీసి తగిలించితిమి. తరువాత తెలిసిన సంగతి యేమనగా, 1151 అను పేరుతోనే రెండు గూళ్లు కలవు. ఆరవ, ఏడవ తరముల ప్రాసెసర్లకు 100, 200 వరుసల బోర్డులు. ఎనిమిదవ, తొమ్మిదవ తరములకు 300 వరుస బోర్డులు. సూదుల లెక్క ఒకటేయైనను వానిలో కొన్నిటి పని మారినది. హెచ్110 నూరు వరుసలోనిది. అంగడివారు విప్పిన పెట్టెను తిరిగి పుచ్చుకొనలేదు. తప్పు మాదే గనుక వారిననవలసినది లేదు. పేరొకటైనంత మాత్రమున వియ్యమందరాదని మన పెద్దలకు తెలిసినదే. మాకే తోచలేదు.

పిదప ఒక కచేరిలో తీసివేసిన యంత్రమునుండి కోర్ ఐ5-6500ను కొని కూర్చితిమి. పాత ఐ3-6100లో కోరులు రెండు, దీనిలో నాలుగు. రెండునూ ఆరవ తరమువే గనుక చిక్కు లేకుండ నడచినది. వార్షిక సంచిక పుటలు కూర్చునప్పుడు దాని ఉపయోగము తెలిసినది. జాబులు టైపు చేయునప్పుడు భేదమేమియు కానరాలేదు.

తల్లిదండ్రులు తమ యంత్రపు తరము తెలిసికొనుట సులభము. ఇంటెల్ పేరులో గీత తరువాతి మొదటి అంకె తరము: 6500 అనగా ఆరవది, 8400 అనగా ఎనిమిదవది. పదవ తరమునుండి రెండంకెలు చదువవలెను: 10400 పదవది, 12400 పండ్రెండవది. గూళ్ల క్రమమిది: రెండు, మూడు తరములకు 1155, నాలుగవదానికి 1150, ఆరునుండి తొమ్మిదివరకు పైన చెప్పిన జంట 1151లు, పది, పదునొకటికి 1200, పండ్రెండు, పదుమూడు, పదునాలుగు తరములకు 1700. అనగా ఇంటెల్ వారి బోర్డు సాధారణముగ రెండు తరములకు, మించిన మూడింటికి చోటిచ్చును. బోర్డు పేరు దానిపైననే ముద్రించియుండును. ఆ పేరుతో తయారీదారుల పుట తెరచినచో అది ఏ యే ప్రాసెసర్లను అంగీకరించునో పట్టిక దొరకును. సూదుల లెక్కను నమ్మక, ఆ పట్టికను మాత్రమే నమ్మవలెను.

ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 గూడు ఈ విషయమున గృహస్థులకు మేలు చేసినది. 2018లో బీ450 బోర్డుతో రైజెన్ 3 2200జీ కొన్నవారు, 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీని అదే బోర్డులో కూర్చుకొనవచ్చును. నాలుగు కోరుల చోట ఆరు వచ్చును, ర్యామ్ మార్చనక్కరలేదు. అయితే ముందుగ పాత ప్రాసెసరు ఉండగనే బోర్డులోని బయాస్ అను మూల ప్రోగ్రామును క్రొత్త కూర్పునకు మార్చవలెను. ఆ మార్పు నడుమ కరెంటు పోయినచో బోర్డు మరల మేలుకొనకపోవచ్చును. మన ఊరి కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. యూపీఎస్ లేనిదే ఆ పనికి పూనుకొనరాదు. 2022లో వచ్చిన ఏఎమ్5 గూడు వేరు. దానికి డీడీఆర్5 తప్ప పనికిరాదు.

పేరు చివరి అక్షరమునకును అర్థము కలదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ ఉన్నచో దానిలో తెరపై బొమ్మ చూపు భాగము లేదు. వెల కొంత తగ్గునని దానిని కొని, గ్రాఫిక్స్ కార్డు లేక నల్లని తెరను చూచుచు కూర్చున్నవారు కలరు. ఏఎమ్‌డీలో 5600జీ వంటి జీ అక్షరము గలవానిలో ఆ భాగముండును. 3600 వంటివానిలో ఉండదు.

ఎస్.ఎమ్.పి.ఎస్. అను కరెంటు పెట్టె విషయమున ఎక్కువ చెప్పనక్కరలేదు. మేము పేర్కొన్న ప్రాసెసర్లలో 65 వాట్లకు మించినది లేదు గనుక, గ్రాఫిక్స్ కార్డు పెట్టనంతవరకు మంచి స్థితిలోనున్న పాతది చాలును. పేరులేని పెట్టెలపై ముద్రించిన వాట్ల సంఖ్యను మాత్రము నమ్మరాదు. కాలిన వాసన గాని, కీచుమను శబ్దము గాని వచ్చినచో మొదట దానినే మార్చవలెను.

పని చేయు విధము. కరెంటు తీగెను గోడనుండి ఊడదీసి, ప్రారంభపు మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టి, మిగిలిన విద్యుత్తును పోనిమ్ము. చేతితో పెట్టె ఇనుప భాగమును తాకి ఆ పిదప పని మొదలిడుము. పట్టుచీర, ఉన్నిబట్ట కట్టుకొని చేయదగిన పని కాదు. ఫ్యానును విప్పి, ప్రాసెసరుపై ఎండియున్న థర్మల్ పేస్టును మెత్తని బట్టతోను, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను తుడువవలెను. ఇంటెల్ గూటిలో సూదులు బోర్డుకే ఉండును. వెండ్రుకవలె సన్ననివి. ఒక్కటి వంగినను పని చెడును. ప్రాసెసరు మూలనున్న బంగారు త్రికోణమును గూటి గుర్తుకెదురుగ ఉంచి, పైనుండి మెల్లగా దించవలెనే గాని నొక్కరాదు. నొక్కవలసిన పని కడ్డీ చూచుకొనును. ఏఎమ్4లో సూదులు ప్రాసెసరు అడుగుననే ఉండును. ఎండిన పేస్టు జిగురువలె పట్టుకొని ఫ్యానుతోపాటు ప్రాసెసరు కూడ ఊడివచ్చుట కద్దు. కావున యంత్రమును కొంతసేపు నడపి, వెచ్చబడిన పిదప ఆపి, ఫ్యానును అటునిటు కొంచెము త్రిప్పి తీయవలెను. క్రొత్త పేస్టు నడుమ బఠాణీగింజకన్న చిన్నదిగ పెట్టిన చాలును. కొందరు దోసెకు వెన్న రాచినట్లు రాతురు. అనవసరము. ఫ్యాను నాలుగు కాళ్లను ఒక మూల, దాని ఎదుటి మూల అను క్రమమున బిగింపవలెను. పెట్టె తెరచినప్పుడే బోర్డుపై రూపాయి బిళ్లవంటి సీఆర్2032 బ్యాటరీని కూడ మార్చుట మంచిది. తారీకు, గడియారము తప్పుచున్న పాత యంత్రములకు సామాన్యముగ అదియే రోగము.

విండోస్ 11 సంగతి వేరుగ చెప్పవలెను. ఎస్.ఎస్.డి. పెట్టినంత మాత్రమున ఆరవ తరపు యంత్రము దానికి అర్హము కాదు. మైక్రోసాఫ్ట్ వారు టి.పి.ఎమ్. 2.0 అను రక్షణ భాగమును, సెక్యూర్ బూట్‌ను కోరుటయేగాక ప్రాసెసర్ల పట్టికయొకటి వేసినారు. ఇంటెల్‌లో, కొలది మినహాయింపులతో, ఎనిమిదవ తరమునుండియే దానిలో చోటు. విండోస్ 10 వాడు గృహస్థులకు నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13 వరకు అదనపు రక్షణ సవరణలను వారు ప్రకటించిరి. ఇంటిలోని వారెవరికైనను చదువునకో ఉద్యోగమునకో విండోస్ 11 తప్పనిసరియైనచో, ఆరవ తరపు బోర్డుపై ప్రాసెసరుకై డబ్బు పెట్టుట వ్యర్థము. అప్పుడు బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడును కలిపి మార్చవలెను. పెట్టె, తెర, కీబోర్డు, ఎస్.ఎస్.డి. పాతవే ఉండవచ్చును. యంత్రముతోపాటు వచ్చిన విండోస్ అనుమతి బోర్డును అంటియుండును గనుక బోర్డు మారినప్పుడు అది చెల్లకపోవుటయు కలదు. ఆ వ్యయమును ముందే లెక్కలో చేర్చుకొనుడు.

పై బాలిక తండ్రిని అడిగి చూచితిమి. వారికి కావలసినది పాఠముల వీడియోలు, టైపు చేయుట, పుస్తకములు చదువుట. ఆ యంత్రమున లినక్స్ మింట్ వేసితిమి. వెల లేదు, సవరణలు వచ్చుచుండును, తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డును అందులో అమర్చుకొనవచ్చును. మొదటి వారము ఆ బాలిక సణిగినది. రెండవ వారము తెలుగు వికీసోర్సులో పద్యకావ్యములు తెరచి చూపినది. మన ఊరి పుస్తకపుటంగళ్లలో తెలుగు పుస్తకము దొరకుట ఎంత అరుదో ఎరిగినవారికి దీని విలువ తెలియును.

ఇక అన్నిటికన్న ముందు చేయవలసిన పనిని చివర వ్రాయుచున్నాము. పెట్టె తెరువకముందే అందులోని దస్తావేజులను వేరొకచోట ప్రతి తీసికొనవలెను. మా కార్యాలయపు యంత్రమునకు ఎస్.ఎస్.డి. పెట్టవలెనని తలచిన నాటికే దాని హార్డ్ డిస్కు టక్కుటక్కుమని శబ్దము చేయుచుండెను. అందులో, మా పాఠశాలలో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన తెలుగు పండితులవారు పాఠ్యపుస్తకములు సకాలమునకు రాని యేండ్లలో స్వయముగ వ్రాసి టైపు చేయించిన పాఠములుండెను. వేరు ప్రతి ఎచ్చటను లేదు. రెండు రాత్రులు కూర్చుండి ఒక్కొక్క దస్తావేజునే బయటికి తీసితిమి. మూడు పాఠములు చదువబడలేదు.

వచ్చినవియు క్రొత్త యంత్రమున తెరచి చూడగా ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు కలగలిసిన పిచ్చి వ్రాతగ కనబడినవి. మొదట గుండె జారినది. అవి యూనికోడు రాకముందటి డి.టి.పి. ఫాంటులలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని యంత్రమునకు అవి తెలుగని తెలియదు. పాత డిస్కులోని ఫాంట్స్ అను సంచినుండి ఆ ఫాంటులను కూడ తెచ్చుకొన్న పిదప అక్షరములు మరల తెలుగైనవి. తరువాత వానిని యూనికోడులోనికి మార్చి, ఒత్తులు తప్పినచోట్ల చేతితో సరిదిద్దితిమి. మీ యిండ్లలో తాతగారి జాబులో, కులదేవత వ్రతకల్పమో, పాత శుభలేఖయో అట్టి ఫాంటులో ఉన్నచో, డిస్కు మార్చునాడు ఫాంటును మరువకుడు.

చదువబడని మూడు పాఠములలో రెండు, పూర్వవిద్యార్థిని యొకామె దాచుకొన్న నోటుపుస్తకములో దొరకినవి. ఇప్పుడామె కుమారుడు మా నాలుగవ తరగతిలో ఉన్నాడు. ఆమెయే వానిని మరల టైపు చేసి యిచ్చెను. మూడవది ఇంకను దొరకలేదు. సంధులపై వ్రాసిన పాఠమది. ఆ కాలపు నోటుపుస్తకము ఎవరి యింటనైన ఉన్నచో శనివారము మధ్యాహ్నము పాఠశాలకు తెచ్చి చూపగోరుచున్నాము. పాత హార్డ్ డిస్కును పారవేయలేదు. చీటి అంటించి తెలుగు విభాగపు బీరువాలో ఉంచితిమి. దాని ప్రక్కనే పెట్టె విప్పని రీతిగ మడిచిన ఆ ఐ5-8400 కూడ ఉన్నది. 300 వరుస బోర్డు గలవారెవరైనను వచ్చి తీసికొనిపోవచ్చును.